గడప దాటని చలికాలం

మిన్నెసోటాలో మేమున్న ఇంట్లో నేలకి అక్కడక్కడ ఇనప జాలీలు ఉండేవి. కింద బేస్‌మెంట్‌లోని ఫర్నేస్ నుంచి వేడిగాలి వాటిలోంచి పైకి వచ్చేది. చలికాలం మొదలవగానే మావాళ్లు ఆ జాలీలను పంచేసుకునేవారు. హాల్లో కిటికీ కింద ఉన్నది మా అత్తగారిది. కుర్చీ సరిగ్గా దాని మీదకి లాక్కుని, వేడిగాలికి చీర కుచ్చిళ్లు బూరెలా పొంగుతుంటే, ఒళ్లో బైబిలు పెట్టుకుని కూర్చునేవారు. సోఫా పక్కది మావారిది. భోజనాల బల్ల కింద ఉన్నదాని కోసం పిల్లలిద్దరూ కొట్టుకునేవారు. నాకు జాలీ లేదు. నేను ఆసుపత్రిలో నర్సుని. పొద్దు పొడవక ముందే వెళ్లి, పొద్దు గుంకాక ఇంటికి చేరేదాన్ని.

మేము డెబ్బైల చివర్లో వచ్చాం. మాది బందరు దగ్గర, ఉప్పుగాలికి తలుపు గడియలు తుప్పుపట్టే ఊరు. మావారు ఇనప ఖనిజాన్ని ఉండలుగా చేసే ప్లాంటులో ఇంజనీరు. మొదటి చలికాలాలు ఆయనకి పండగలే. కారు కప్పు దాకా మంచు కప్పేస్తే దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకుని ఊరికి పంపారు. పెద్దమ్మాయిని భుజాన ఎక్కించుకుని గడ్డకట్టిన సరస్సు మీద నడిచారు. ఇక్కడ మేమున్న ఊరు కొండవాలున ఉండేది. ఏ వీధిలో నిలబడి కిందికి చూసినా చివర ఆ పెద్ద సరస్సే కనిపించేది.

ఎనభైల మొదట్లో ఉక్కుకి గిరాకీ పడిపోయింది. ప్లాంటులో ఒక్కొక్క విభాగమే మూసుకుంటూ వచ్చారు. ఒక అక్టోబరు సాయంత్రం ఆయన తన హెల్మెట్‌నీ, బల్ల మీద ఉండే పిల్లల ఫొటోనీ ఒక అట్టపెట్టెలో పెట్టుకుని ఇంటికొచ్చారు. "లే ఆఫ్ చేశారు," అన్నారు అత్తగారితో. ఆవిడకి ఆ మాట అర్థం కాలేదు. "సెలవిచ్చారా నాయనా?" అని అడిగారు. "ఆఁ, సెలవే," అన్నారాయన.

నవంబరు దాకా ఉద్యోగాల కోసం ఫోన్లు చేశారు. తర్వాత మానేశారు. గడ్డం చేసుకోవడం మానేశారు. మంచు మీద ఎండ పడి మిలమిలలాడితే కళ్లు నొప్పంటూ హాలు కర్టెన్లు మూసేయడం మొదలెట్టారు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పొద్దున ఎక్కడ చూశానో అక్కడే ఉండేవారు, అదే దుప్పటి కప్పుకుని. టీవీ నడుస్తుండేది కానీ చూసేవారు కాదు. తండ్రి ఎలా ఉంటే ఇల్లూ అలాగే తయారైంది. పన్నెండేళ్ల పెద్దది స్కూలు నుంచి రాగానే మంచమెక్కి దుప్పటి ముసుగేసేది. ఆరేళ్ల చిన్నది కర్టెన్లోకి తల దూర్చి బయటికి చూస్తూ, అద్దం మీద ఊదుతూ కూర్చునేది. అత్తగారు రోజురోజుకీ కుర్చీలో కుంచించుకుపోతున్నట్టు ఉండేవారు.

క్రిస్మస్ అయ్యాక ఒకనాటి మధ్యాహ్నం ఆయనకి కాఫీ ఇచ్చాను. కప్పు అందుకోకుండానే, "పడుకుని, ఇంక లేవకుండా ఉంటే బాగుంటుంది కదూ," అన్నారు. వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా అన్నారు. ఇలాంటి మాట రోగుల నోట విన్నప్పుడు ఏం చెయ్యాలో నాకు నేర్పారు. నా మొగుడి నోట విన్నప్పుడు అందులో ఒక్కటీ గుర్తు రాలేదు. ఆయన అటు తిరగ్గానే బాత్‌రూమ్ అలమరలోని మాత్రలన్నీ తీసి నా హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసుకున్నాను. ఆ రోజు నుంచి ఆ బ్యాగు భుజాన లేకుండా ఇంట్లో తిరిగింది లేదు.

ఆసుపత్రిలో నాతో పనిచేసే పెద్ద డాక్టరొకాయన ఉండేవారు. భోజనాల వేళ ఆయన్ని పట్టుకుని, మా చుట్టాల్లో ఒకరికి అన్నట్టుగా అడిగాను. ఆయన నా ముఖం చూసి, "మీ చుట్టాన్ని నా దగ్గరికి పంపండి. రానంటే, రోజూ పగటి వెలుగులోకి తీసుకెళ్లండి, నడిపించండి. ఈ ఊళ్లో చలికాలం మనుషుల్ని లోపల్నుంచి తినేస్తుంది," అన్నారు. మావారు డాక్టరు దగ్గరికి రానన్నారు. "నాకేం రోగం?" అన్నారు. ఇక మిగిలింది రెండో మార్గం. మునిగిపోయేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు నేను దాన్ని పట్టుకున్నాను.

నాకు డ్యూటీ లేని మొదటి రోజున, భోజనాలవగానే అందరి కోట్లూ తెచ్చి హాల్లో కుప్ప పోశాను. "లేవండి. వీధి చివరిదాకా వెళ్లొద్దాం."

బయలుదేరడమే ఒక పెద్ద తతంగం అయింది. లోపలి పైజమాలు, వాటి మీద ప్యాంట్లు, రెండు జతల మేజోళ్లు, స్వెట్టర్లు, కోట్లు, మఫ్లర్లు, టోపీలు. చిన్నదానికి అన్నీ తొడిగి జిప్పు లాగేసరికి "బాత్‌రూమ్ వస్తోంది మమ్మీ" అంది. అన్నీ విప్పాను. ఈలోగా పెద్దది తన కోటు విప్పేసి కూర్చుంది. దాన్ని లేపేసరికి మావారు చెమట పడుతోందని మఫ్లరు తీసేశారు. అత్తగారు అసలు కుర్చీలోంచి లేవలేదు.

"మమ్మీ, ఎవ్వరూ ఫామిలీ అంతా కలిసి ఊరికే వాక్ చెయ్యరు. మా ఫ్రెండ్స్ చూస్తే? ఇట్స్ సో ఎంబరాసింగ్," అంది పెద్దది.

"చూస్తే చూడనీ. నడవడం తప్పా?"

"ఈ టోపీతో తప్పే."

చివరికి నలుగురం తలుపు తెరిచి బయటపడ్డాం. చలి ముఖం మీద చెంపదెబ్బలా తగిలింది. ముక్కులో తడి గడ్డకట్టి పుల్లలు గుచ్చుకున్నట్టయింది. చిన్నది ఏడుపు లంకించుకుంది. మావారు ఇంటి ముందున్న పోస్టు డబ్బా దాకా వచ్చి, దాని మూత తెరిచి, లోపల ఏమీ లేదని చూసి మూసి, వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్లిపోయారు. ఆయన వెనకే పెద్దది. చిన్నదాన్ని ఎత్తుకుని నేను వీధి చివరిదాకా వెళ్లొచ్చాను. వెళ్తానన్నాను కాబట్టి వెళ్లాను. అంతే.

తర్వాత చేయని ప్రయత్నం లేదు. బయటికి వస్తే పకోడీలు వేస్తానన్నాను. రాకపోతే వంటే చెయ్యనన్నాను. చిన్నదానికి మంచుతో బొమ్మ చేయడం నేర్పుతానని, నాకే రాక, చేసినది చేసినట్టే కూలిపోతుంటే చేతులు మొద్దుబారి లోపలికొచ్చాను. ఆదివారాలు చర్చికి వెళ్లేటప్పుడు కారు దూరంగా పార్క్ చేసి నడిపిద్దామని చూశాను. మావారు చర్చికి రావడం మానేశారు.

అత్తగారి మీద నాకు కొంత ఆశ ఉండేది. ఆవిడ చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకుని, మిషన్ వాళ్ల తరఫున బైబిల్ చదివి వినిపించే పనిలో ఊరూరా కాలినడకన తిరిగిన మనిషి. ఇసకలో, బురదలో, ఎండలో ఎన్ని కోసులు నడిచారో ఆవిడకే లెక్క తెలీదు. ఆవిడ లేస్తే కొడుకు లేస్తాడని నా ఆలోచన.

"ఆయన కోసమైనా రండి అత్తయ్యా," అన్నాను ఒకరోజు.

"వాడి కోసం ప్రార్థన చేస్తూనే ఉన్నానమ్మాయ్."

"ప్రార్థనతో పాటు బూట్లు కూడా వేసుకోవాలి."

ఆవిడ కోపగించుకోలేదు. "మన దగ్గర నేల కనపడుతుంది తల్లీ. ముల్లుందో, గుంటుందో చూసుకుని అడుగేస్తాం. ఇక్కడ అంతా ఒకటే తెలుపు. కాలు దేని మీద పడుతోందో తెలీకుండా ఎలా నడవను?" అన్నారు. ఆవిడకి కొన్న బూట్లు లోపల కుక్కిన కాగితాలతో సహా అలమరలో ఉండిపోయాయి.

ఫిబ్రవరిలో ఒకరోజు నాకు మతి చలించినంత పనైంది. ఇంట్లో చలేస్తే అయినా కదులుతారేమోనని, హాల్లోని థర్మోస్టాట్ బాగా తగ్గించేసి డ్యూటీకి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి నలుగురూ సోఫా మీద ఒకరి మీద ఒకరు పడినట్టు, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని కూర్చున్నారు. పెద్దది దుప్పట్లోంచే హోమ్‌వర్క్ చేసుకుంటోంది. అత్తగారు దగ్గుతున్నారు. "ఫర్నేస్ పాడైందేమో అనుకున్నాం," అన్నారు మావారు. పాడైందనుకున్నా లేచి చూడలేదు! నేను వెళ్లి థర్మోస్టాట్ పెంచి, కిందికి దిగి, బేస్‌మెంట్‌లో ఫర్నేస్ పక్కన బట్టలు ఉతికే మెషిన్ ఆన్ చేసి, ఆ చప్పుడులో ఏడ్చాను.

ఆ శనివారం ఎండ కాసింది. మా వీధి చివర, స్కూలు వెనక ఒక గుట్ట ఉంది. ఊళ్లో పిల్లలంతా అక్కడ స్లెడ్ల మీద జారేవారు. నేనూ ఒక ఎర్ర ప్లాస్టిక్ స్లెడ్ కొనుక్కొచ్చాను. ముందు తాడు కట్టి ఉంటుంది, కూర్చుని జారడమే.

"ఏమండీ, ఈ ఒక్కసారికి రండి. గుట్ట కింద నిలబడండి చాలు. పిల్లలు మిమ్మల్ని చూస్తారు," అన్నాను.

"నన్ను వదిలెయ్," అన్నారు.

"వదిలేస్తే ఏమవుతారో నాకు తెలుసు."

"వదిలెయ్ అంటున్నానా!" అని అరిచారు. ఎన్నో వారాల తర్వాత ఆయన గొంతు పెరగడం అదే. చిన్నది నా కోటు వెనక దాక్కుంది. నేను పిల్లలిద్దర్నీ తీసుకుని బయటికి నడిచాను. పెద్దదాన్ని దాదాపు ఈడ్చుకెళ్లాను.

గుట్ట మీద ఆ వేళకి ఎవరూ లేరు. పెద్దది జేబుల్లో చేతులు పెట్టుకుని శిలలా నిలబడింది. చిన్నది స్లెడ్ ఎక్కనంది. కింద ఎంతో లోతు ఉన్నట్టు కనపడుతోందంది. "చూడు, ఏం కాదు, మమ్మీ వెళ్లొస్తుంది," అని నేనే కూర్చున్నాను. ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని, అంతకుముందు ఊయల తప్ప ఏదీ ఎక్కనిదాన్ని. కాళ్లతో నేలను తన్నాను.

మొదట ఎగిరినట్టే అనిపించింది. తర్వాత స్లెడ్ దానంతటదే పక్కకి తిరిగింది. మంచులో కూరుకుపోయిన కంచె గుంజ ఒకటి అక్కడ ఉన్న సంగతి నాకు తెలీదు. కుడికాలు దానికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు ఆసుపత్రిలో ఎప్పుడూ వినలేదు, విరిగాకే మా దగ్గరికొస్తారు. అప్పుడు విన్నాను.

పెద్దది చెల్లెల్ని పట్టుకుని జారుకుంటూ కిందికొచ్చింది. దాని ముఖంలో రక్తం లేదు. "మమ్మీ, నీ కాలు తప్పుగా ఉంది," అంది.

"ఇంటికి పరిగెత్తు. డాడీని పిలు."

"డాడీ రారు మమ్మీ."

ఆ మాట దానికి ఎంత మామూలుగా తోచిందో! వాదించలేదు, ఫిర్యాదు చెయ్యలేదు, తెలిసిన విషయం చెప్పింది. "పిలు," అన్నాను మళ్లీ. అది పరిగెత్తింది.

చిన్నది నా పక్కన మంచులో కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. నొప్పి అలలుగా వస్తోంది. దాంతో పాటే వణుకు. కానీ నన్ను అంతకంటే ఎక్కువ భయపెట్టింది ఒక్కటే. ఆయన రాకపోతే? కాలు విరిగి మంచులో పడి ఉన్నానని విన్నా సోఫాలోంచి లేవలేకపోతే, ఇక ఆయన్ని లేపగలిగేది ఈ లోకంలో ఏదీ ఉండదు. ప్రార్థన చేద్దామన్నా మాటలు రాలేదు. "ప్రభువా, లేపు" అనే రెండు మాటలే మళ్లీ మళ్లీ అనుకున్నాను.

ఆయన వచ్చారు. కోటు లేదు. పైజమా, స్వెట్టరు, కాళ్లకి ఇంట్లో వేసుకునే హవాయి చెప్పులు. మోకాలి లోతు మంచులో పడుతూ లేస్తూ వచ్చారు. నా దగ్గరికి చేరేసరికి ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. ముఖం నిండా మాసిన గడ్డం, గడ్డం నిండా తెల్లటి మంచు నూగు.

"నిన్నెవరు ఎక్కమన్నారు దీని మీద?" అన్నారు.

"మీరు రానన్నారుగా!"

ఆయన ఏడ్చేశారు. ఏడుస్తూనే నేను చెప్పినట్టు చేశారు. మఫ్లరుతో నా రెండు కాళ్లూ కలిపి కట్టారు. నన్ను స్లెడ్ మీదకి జరిపారు. పెద్దది వెనకనుంచి నా భుజాలు పట్టుకుంది. ఆయన తాడు నడుముకి చుట్టుకుని లాగారు. అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యాలని మాలో ఎవరికీ తోచలేదు. ఇంటి దగ్గరికి వచ్చేసరికి మా అత్తగారు తలుపు బార్లా తెరిచి, గుమ్మంలో దుప్పటి పట్టుకుని నిలబడి "ఏమైందిరా, ఏమైంది?" అని కేకలేస్తున్నారు.

కారు ఆయనే నడిపారు. ఎమర్జెన్సీలో నాకు ఒక మంచం, ఆయనకి పక్క మంచం ఇచ్చారు. ఆయన కాలివేళ్లు తెల్లగా మైనంలా అయిపోయాయి. నాతో పనిచేసే నర్సే గోరువెచ్చని నీళ్ల తొట్టి తెచ్చి ఆయన పాదాలు అందులో పెట్టించింది. డ్యూటీలో ఉన్నది కుర్ర డాక్టరు. "ఈ చలిలో చెప్పులతో ఎలా వచ్చారు?" అని అడిగాడు.

"బూట్లు ఎక్కడున్నాయో తెలీలేదు," అన్నారు మావారు. "నేను బయటికొచ్చి చాలా కాలమైంది," అన్నారు.

ఆ కుర్ర డాక్టరు రాసుకుంటున్నది ఆపి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "రాత్రిళ్లు నిద్రపడుతోందా?" అన్నాడు. మా ఇద్దరి మధ్యా ఒక పలచటి పరదా గుడ్డ. తొట్టిలో నీళ్ల వంక చూస్తూ కాబోలు, మావారు ఇంగ్లీషులో నెమ్మదిగా, ఒక్కొక్క మాటే చెప్పుకుంటూ వచ్చారు. నాతో చెప్పింది చెప్పారు. నాతో చెప్పనివి కూడా చెప్పారు. నా కాలికి పట్టీ వేస్తున్నారు. ఏడుస్తున్నానని చూసి, నొప్పికనుకుని నాకు మరో ఇంజెక్షన్ ఇచ్చారు.

ఆయనకి మందులు మొదలుపెట్టారు. ఆ మందులకి నోరు ఎండిపోయేది, పని చెయ్యడానికి వారాలు పట్టింది. కానీ మంచు ఆగదు కదా. నా కాలు తొడదాకా పిండికట్టులో ఉంది. ఇంటి ముందు మంచు తోసేవాళ్లు లేరు, చిన్నదాన్ని స్కూలుకి తీసుకెళ్లేవాళ్లు లేరు, పాలూ కూరగాయలూ తెచ్చేవాళ్లు లేరు. అన్నీ ఆయనే చెయ్యాల్సొచ్చింది. మొదట్లో ప్రతి పనీ పళ్లు కొరుక్కుంటూ చేసేవారు. పార మంచులో గుచ్చి, దాన్ని పట్టుకుని కదలకుండా నిలబడిపోయేవారు. నేను కిటికీలోంచి చూస్తూ, పారని ఎత్తేదాకా ఊపిరి పీల్చుకునేదాన్ని కాదు. అత్తగారు జారిపడతారని ఆయన గుమ్మం నుంచి వీధి దాకా ఇసక చల్లారు. తెల్లటి మంచు మధ్య గోధుమరంగు దారి ఒకటి పడింది. ఆవిడ దాన్ని కిటికీలోంచి చాలాసేపు చూసేవారు గానీ కాలు పెట్టలేదు.

నేనూ మారాను. రోజంతా ఇంట్లో కూర్చోవడం అదే మొదలు. కొన్నాళ్లకి నాకూ కర్టెన్ తీయబుద్ధి కాలేదు. ఆయన "వరండాలోకైనా రా, ఎండగా ఉంది," అంటే, "తర్వాత" అనేదాన్ని. ఆ "తర్వాత" ఎంత బరువుంటుందో, లేవమన్నవాళ్ల మీద ఎంత కోపం వస్తుందో నాకు అనుభవంలోకి వచ్చింది. అంతకుముందు బద్ధకమనుకున్నాను, మొండితనమనుకున్నాను. అవేవీ కావు.

మార్చిలో మంచు కరగడం మొదలైంది. చూరుల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఒక మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన, "కొంచెం నడిచొస్తా," అన్నారు. ఎవరూ అడక్కుండా ఆయనంతట ఆయన అన్న మొదటిసారి. నాకు సంతోషమేసింది. మామూలుగా అయితే వీధి చుట్టి వచ్చేయాలి. రాలేదు. కాఫీ పెట్టాను, చల్లారింది. కిటికీ దగ్గరికి చంకకర్రల మీద వెళ్లి చూశాను. వీధి చివర సరస్సు. ఒడ్డు దగ్గర మంచు బూడిదరంగులోకి తిరిగి, పగుళ్లలో నల్లటి నీళ్లు కనపడుతున్నాయి.

బయటికి పంపమని నేనే కదా ఇన్నాళ్లూ కొట్టుకున్నాను. ఆ బయట ఏముందో అప్పుడు చూశాను.

పోలీసులకి ఫోన్ చేశాను. ఏ రంగు కోటు వేసుకున్నాడని అడిగారు. చెప్పలేకపోయాను. వెళ్తున్నందుకు సంబరపడ్డాను గానీ వెళ్తున్న మనిషిని చూడలేదు. ఫోన్ పెట్టేసి అత్తగారి వైపు తిరిగాను. ఆవిడకి అప్పటిదాకా చెప్పని మాట చెప్పేశాను.

"అత్తయ్యా, ఆయనకి బతకాలని లేదన్నారు. క్రిస్మస్ అయ్యాక నాతో అన్నారు. ఇప్పుడు సరస్సు వైపు వెళ్లారేమో."

ఆవిడ బైబిలు మూసి కిటికీ గట్టు మీద పెట్టారు. "నా బూట్లెక్కడ పెట్టావమ్మాయ్?" అన్నారు.

నేను కట్టుకాలు చాపుకుని నేల మీద కూర్చుని, బూట్లలోంచి కాగితాలు లాగి ఆవిడ కాళ్లకి తొడిగాను. నా కోటు వేశాను, మోకాళ్ల కిందికి వచ్చింది. ఆవిడ తలుపు తెరుచుకుని ఇసక దారి మీద వీధిలోకి వెళ్లారు. అక్కణ్ణుంచి ఇసక లేదు. ఒక్క క్షణం ఆగారు. తర్వాత చేతులు రెండు పక్కలా చాపుకుని, వాలు మీదుగా కిందికి నడవడం మొదలెట్టారు. ఇంగ్లీషు ముక్క రాదు, దారి తెలీదు. చెట్ల చాటున ఆ కోటు కనపడకుండా పోయాక, ఇప్పుడు ఇద్దరు పోయారనిపించింది. నేను గుమ్మం దాటలేను. గడప మీదే కూలబడ్డాను.

ఎంతసేపో చెప్పలేను. ముందు చిన్నదాని గొంతు వినపడింది. దాని బడి కబుర్లు. తర్వాత ముగ్గురూ కనపడ్డారు. చిన్నది మధ్యలో, దాని ఒక చెయ్యి తండ్రి చేతిలో, ఇంకో చెయ్యి నాయనమ్మ చేతిలో. రెండు వీధుల అవతల దీపస్తంభం ఒకటి కావలించుకుని, అడుగు ముందుకెయ్యలేక నిలబడిన నాయనమ్మ వీళ్లకి కనపడిందట. చిన్నది అదే చెప్పి నవ్వుతోంది. అత్తగారు నవ్వడం లేదు. కొడుకు చెయ్యి కూడా పట్టుకుని వదలడం లేదు.

వంటింట్లో ఆయన నా ఎదురుగా కూర్చున్నారు.

"సరస్సు దాకా వెళ్లాను," అన్నారు.

"ఎందుకు?"

"ఎందుకో నీకు తెలుసు."

"మరి?"

"చిన్నదాన్ని స్కూల్ వదిలే టైమ్ అవుతోంది. నీ కాలు అలా ఉంది కదా, ఎవరు తెస్తారు?" అన్నారు. తర్వాత, "డాక్టర్‌కి కాల్ చెయ్యి. నావల్ల కావట్లేదు," అన్నారు.

కొన్ని వారాలు ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. మందులు మార్చారు. నన్ను చూడ్డానికి వచ్చే చర్చి ఆవిడ ఒకరి కారులో అత్తగారు, భాష రాకపోయినా, రోజూ వెళ్లి కొడుకు పక్కన కూర్చుని వచ్చేవారు. పెద్దది చెప్పకుండానే చెల్లెల్ని స్కూల్ నుంచి తెచ్చేది. టోపీ గురించి ఏమీ అనలేదు. ఆయన ఇంటికి వచ్చేసరికి గడ్డి కనపడుతోంది.

ఆ ఏడాది ఆఖర్లో ఆయనకి వర్జీనియాలో, హెర్న్‌డన్ దగ్గర ఉద్యోగం దొరికింది. అక్కడ మంచు పడితే రెండు రోజుల్లో కరిగిపోయేది. పిల్లలు అది మంచే కాదని ఎగతాళి చేసేవారు. మందులేసుకుంటూనే ఆయన ఆఫీస్‌కి వెళ్లారు, చర్చికి వచ్చారు, పిల్లల మీద కేకలేశారు. మామూలు మనిషే అయ్యారని నేను అనుకున్నాను.

కొన్నేళ్ల తర్వాత, జనవరిలో ఒక ఆదివారం మళ్లీ కర్టెన్లు మూసి ఉన్నాయి. ఆయన దుప్పటి కప్పుకుని ఉన్నారు. కోటు తెద్దామని ఒక అడుగు వేసి ఆగిపోయాను. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"మళ్లీ వచ్చిందా?" అన్నాను.

"వచ్చింది," అన్నారు.

ఫోన్ దగ్గరికి జరుపుకుని డాక్టర్‌కి చేశాను. మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు. ఆయన తల నా భుజం మీద ఆన్చారు. బయట ఎండ బాగానే ఉంది. ఆ పూట మేమిద్దరం ఎక్కడికీ వెళ్లలేదు.